అశోక్‌నగర్ పరదేశం

"నా శవం కూడా అశోక్‌నగర్ విడిచి వెళ్లదు!" అని వీరరాఘవరావుగారు నారాయణగూడ సభలో ప్రకటించారు. హాలు దద్దరిల్లింది. అధ్యక్షులవారు కళ్లు ఒత్తుకున్నారు. విలేఖర్లు 'శవం' అన్న మాటను తప్పుల్లేకుండా రాసుకున్నారు.

ఆ అరవై తొమ్మిదిలో పట్నంలో రెండే రకాల నాయకులుండేవారు: కోస్తావాళ్లను పొమ్మనేవారు, మేం పోమనేవారు. వీరరాఘవరావుగారు రెండో రకం. 'కదలం సంఘం' స్థాపించినది ఆయనే. యాభై ఆరులో రాజధానితోపాటు తణుకు నుంచి వచ్చి, మరుసటేడు అశోక్‌నగర్‌లో మేడ కట్టి, కాలక్రమాన రాష్ట్ర దోమల నివారణ సలహా సంఘానికి ఉపాధ్యక్షులయ్యారు. పదవికి జీతం లేదు, జీపు ఉంది. సాయంత్రమయ్యేసరికి లోయర్ ట్యాంక్ బండ్ వైపు నుంచి దోమలు వచ్చి ముందుగా ఆయన్నే పలకరించేవి. ఆయన వాటికి సలహాలిచ్చేవారేగానీ ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. అంత సాత్వికులు.

సభ నుంచి ఇంటికొచ్చి కండువా చిలక్కొయ్యకు తగిలిస్తూ, "ఇప్పుడీ ఇల్లు అమ్మితే ఎంతొస్తుందంటావ్?" అని భార్యను అడిగారు.

"నా ఇల్లు అమ్మడానికి వీల్లేదండీ," అని సుబ్బలక్ష్మిగారు చారు పోపులో మునిగిపోయారు.

'నా ఇల్లు' అనడం ఆడవాళ్లకు అలవాటు. నా వంటిల్లు, నా అలమర, నా మొగుడు అంటూ ఉంటారు. వాటిల్లో దేనికీ చట్టంలో విలువ లేదని ఆయన నమ్మకం. అందుకని ఆ మాట పట్టించుకోలేదు. తణుకులో రైసుమిల్లులో వాటా ఒకటి చవగ్గా వస్తోంది. ఇల్లమ్మి ఆ వాటా కొనెయ్యాలని ఆయన పది రోజులుగా నిద్రపోవడం లేదు. దోమలు కూడా ఒక కారణం.

కొనేవాడు దొరకడం కష్టం కాలేదు. రోజూ పొద్దున్నే గేటు దగ్గరికే వస్తున్నాడు. ఈరన్న పాలమూరు మనిషి. చిక్కడపల్లిలో కంట్రాక్టులు చేస్తాడు, పొమ్మనే సంఘానికి అక్కడి శాఖాధ్యక్షుడు కూడాను. పొద్దున్నే కార్యకర్తలతో ఊరేగింపుగా వచ్చి రావుగారి గేటు ముందు నినాదాలిచ్చి, వాళ్లను మార్కెట్ వైపు పంపేసి, సందులోంచి తిరిగొచ్చి వెనక తలుపు తట్టేవాడు. సుబ్బలక్ష్మిగారు కాఫీ ఇచ్చేవారు. వంటింటి గడప దగ్గర బేరం సాగేది. బేరం కుదరని మర్నాడు నినాదాలు గుండెలదిరేలా వినిపించేవి. రావుగారు ధర ఒక మెట్టు దిగిన మర్నాడు ఈరన్నకు జలుబు చేసి గొంతు లేచేది కాదు.

"పేపర్ల సూసిన రావ్‌సాబ్," అన్నాడు ఈరన్న, గ్లాసు ఊదుకుంటూ. "శవం సుత కదలదని చెప్పిండ్రు. ఇల్లు అమ్ముతున్నరా, లేదా? నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి."

"శవం కదలదన్నాను ఈరన్నా. నేను కదలనని అన్నానా?"

ఈరన్న కాసేపు ఆలోచించి, ఆయన రాజకీయ పరిజ్ఞానానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

పన్ను సంగతి వచ్చేసరికి మాత్రం దణ్ణాలు చాల్లేదు. ఇల్లు కట్టిన రోజు నుంచీ రావుగారి ఆదాయాన్ని కంటికి రెప్పలా కాపాడుతున్న ఇన్‌కమ్‌టాక్స్ ప్లీడరు ధర్మారావు, బేరం విని పెదవి విరిచాడు.

"లాభం వచ్చిందంటే పన్ను పడుతుందండీ. ఉంటున్న ఇల్లమ్మి, ఏడాదిలోగా ఉండటానికి మరో ఇల్లు కొన్నారనుకోండి, వదిలేస్తారు."

"రైసుమిల్లు కొంటున్నానయ్యా."

"అందులో కాపురం ఉంటానని రాసిస్తారా?"

"ఊక ఉంటుంది కదయ్యా, నాకు ఉబ్బసం."

ధర్మారావు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది. "రంగూన్ నుంచి మనవాళ్లు ఇళ్లమ్ముకుని తిరిగొచ్చారు. పాపం పరదేశంలో అన్నీ పోగొట్టుకొచ్చారని సర్కారు జాలి చూపిందా లేదా?"

"చూపింది. అయితే?"

"మీరూ పరదేశంలో ఇల్లమ్ముకుని స్వదేశం వెళ్లిపోతున్నారు. జాలి చూపమని అర్జీ పెడదాం."

"అశోక్‌నగర్ పరదేశం ఎప్పుడయింది?"

"ఇంకా కాలేదు. ఈరన్నగారు రోజూ గేటు ముందు అయ్యేట్టు చేస్తూనే ఉన్నారుగా! గాలికి పోయే నినాదం సాక్ష్యానికి పనికిరాదు. గోడమీద రాయించండి."

రావుగారు ప్లీడరును కౌగిలించుకున్నంత పని చేశారు. మర్నాడు ఈరన్న కాఫీకి వచ్చినప్పుడు సంగతి చెప్పారు.

"మీ గోడ మీదనా? మీరే రాయమంటున్నరా?"

"పెద్దక్షరాలతో. 'పరదేశీ, వాపస్ పో!' అని."

"రంగెవరిది సాబ్?"

"నాదే. ఎర్ర రంగు తెప్పిస్తాను. నిచ్చెన దొడ్లో ఉంది."

"మావోళ్లు పొద్దుగాల ఏం తినకుంట వస్తరు."

"ఉప్మా చేయిస్తాను."

"ఒక్క మాట. గట్ల రాస్తే ఇంటి కిమ్మతు జర తగ్గుతది మల్ల," అన్నాడు ఈరన్న బాధగా.

ధర తగ్గింది. ఉప్మాలో జీడిపప్పు పడింది. రావుగారు తువ్వాలు భుజాన వేసుకుని రోడ్డుకు అవతల నిలబడి, 'పరదేశీ' ఇంకొంచెం లావుగా రావాలనీ, 'వాపస్ పో' సన్నగా ఉన్నా ఫరవాలేదనీ దగ్గరుండి రాయించారు. అక్షరం వంకరపోయినచోట తుడిపించి మళ్లీ రాయించారు. ఉద్యమాల్లో క్రమశిక్షణ తగ్గిపోతోందని ఆయనకెప్పుడూ బాధే.

పక్కింటి హనుమమ్మ గోడమీంచి తొంగి చూసింది. "ఏంది వదినా, మీ గోడ మీద మీరే రాయించుకుంటున్నరు?"

"నన్నడక్కమ్మా," అన్నారు సుబ్బలక్ష్మిగారు, ఉప్మా గిన్నె దించుతూ. "మీ అన్నయ్యగారు మేధావులు."

అర్జీ చూసి ఇన్‌కమ్‌టాక్స్ ఆఫీసరు శ్రీరామమూర్తి స్వయంగా వచ్చాడు. సన్నటి మనిషి. నవ్వడు. గోడ చదివాడు, రంగు గోటితో గీకి చూశాడు, లోపలికొచ్చి కూర్చున్నాడు. ధర్మారావు రంగూన్ గురించి మాట్లాడుతూ ఓడల దగ్గరికొచ్చేసరికి, ఆఫీసరు చూపు ఎదుటి గోడమీద గంధపు దండ వేసిన పటం మీద నిలిచింది. దేవుడి పటం కాదు. అద్దం కట్టించిన ముల్కీ సర్టిఫికెట్. పదిహేనేళ్లుగా ఈ గడ్డమీద ఉన్నవాడే స్థానికుడు, స్థానికుడికే దోమల పదవి. అందుకని దాన్ని రావుగారు అరవై ఒకటిలో సంపాదించి, అప్పట్నుంచీ రోజూ దండం పెట్టుకుంటున్నారు.

"మీరెప్పుడొచ్చారు హైదరాబాద్?" అన్నాడు ఆఫీసరు.

"యాభై ఆరు చివర్లోనండీ. రాజధానితో..."

"అరవై ఒకటికి పదిహేనేళ్లెలా అయ్యాయి?"

రావుగారు తడబడలేదు. "అధికమాసాలు కలిశాయండీ."

"ఈ పటం ప్రకారం మీరు స్థానికులు. గోడ ప్రకారం పరదేశీయులు."

"ఇంట్లో స్థానికుణ్ణి. వీధిలోకొస్తే పరదేశీయుణ్ణి."

"గేటు దగ్గర?"

"గేటు దగ్గర ఉపాధ్యక్షుణ్ణండీ. జీపు అక్కడే ఆగుతుంది."

తాను పరదేశీయుణ్ణేనని సాక్ష్యం చెప్పడానికి వెనక తలుపు దగ్గర సిద్ధంగా ఉంచిన ఈరన్నను రావుగారు లోపలికి పిలిచారు. అతను పిడికిలి బిగించి, "పక్కా పరదేశి సార్! నేను రోజు పొమ్మంటున్న," అన్నాడు. ఆఫీసరు పటం దగ్గరికి వెళ్లి, అడుగున సాక్షి సంతకం మీద వేలు పెట్టాడు.

"ఇది మీదేనా?"

ఈరన్న దగ్గరగా వెళ్లి చూశాడు. "నాదే సార్. అప్పుడు దోస్తానా. గిప్పుడు ఉద్యమం."

"పదిహేనేళ్లుగా ఈయన్ని ఇక్కడే ఎరుగుదునని రాశారు. మీరెప్పుడొచ్చారు పట్నం?"

"అరవైల. అయితే పెద్దమనుషుల పేరు ముందుగాలనే ఇనబడ్తది గద సార్."

ఆఫీసరు మళ్లీ కూర్చున్నాడు. "స్థానికులయితే పన్ను కట్టండి. పరదేశీయులయితే నా పైవాళ్లకు రాస్తాను, జాలి చూపితే చూపుతారు. కానీ పదవీ జీపూ పొద్దున్నకల్లా వెనక్కివ్వాలి. ఏదో ఒకటి చెప్పండి."

రావుగారి కళ్లముందు ఒకపక్క రైసుమిల్లు తిరిగింది, ఇంకోపక్క జీపు తిరిగింది. రెండూ కలిసి తిరిగేసరికి మంచినీళ్లడిగారు. సుబ్బలక్ష్మిగారు తెచ్చిచ్చారు.

"పోనీ ముందిది చెప్పండి," అన్నాడు ఆఫీసరు. "ఇల్లు ఎవరి పేరున ఉంది?"

ఆ ప్రశ్నకు ధర్మారావు ముఖం పాలిపోయింది. "యాభై ఏడులోనండీ... ఇంత డబ్బెక్కడిదని మీవాళ్లు అడుగుతారేమోనని... అమ్మగారి పేర్న పెట్టించాను." రావుగారు ఉలిక్కిపడ్డారు. ధర్మారావు చెప్పిన చోటల్లా సంతకం పెట్టడమే ఆయనకు తెలుసు. అలాంటివి చాలా ఉండటంతో ఇది గుర్తులేదు.

ఆఫీసరు సుబ్బలక్ష్మిగారి వైపు తిరిగాడు. "అయితే అమ్మా, చెప్పాల్సింది మీరు. మీరు స్థానికులా, పరదేశీయులా?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"నాకా పేర్లు తెలీదు నాయనా. వచ్చిన కొత్తలో పాలెక్కడ దొరుకుతాయో తెలీకపోతే హనుమమ్మ తన చంటిదానికి ఉంచిన పాలు తెచ్చి కాఫీ పెట్టించింది. ఆ చంటిదిప్పుడు నా దగ్గర లెక్కలు చెప్పించుకుంటోంది. నాకు టైఫాయిడ్ వస్తే మావాళ్లెవరూ రాలేదు, ఈ వీధే వచ్చింది. ఈయన పోమంటూ సభలు పెడతారు, ఆ ఈరన్న పొమ్మంటూ ఊరేగుతాడు. ఇద్దరికీ కాఫీ కలిపేది నేను. నేను ఏ సంఘంలోనూ లేను. నా ఇల్లు నేనమ్మను."

ఆఫీసరు లేచి, వచ్చినప్పట్నుంచీ ముట్టని కాఫీ మొత్తం నిలబడే తాగేసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ధర్మారావు ఆయన వెనకే జారుకున్నాడు.

"అక్కా, కిమ్మతు జర పెంచుత," అన్నాడు ఈరన్న చివరి ప్రయత్నంగా.

"రేపు మీవాళ్లను సున్నం తెమ్మను. గోడకు వెయ్యాలి. ఉప్మా ఉండదు," అన్నారు సుబ్బలక్ష్మిగారు.

రావుగారు బతిమాలే గొంతుతో, "మరి తణుకు..." అన్నారు.

"మీరు వెళ్లిరండి. సామాను సర్దిస్తాను. వెళ్లనన్నది మీ శవమేగా."

మూడోనాడు పత్రికల్లో రావుగారి ఫోటో పడింది. అమ్ముకుని పొమ్మని ఎన్ని ఒత్తిళ్లొచ్చినా చలించని ధీరుడని, ఇంటిని ప్రాణంగా చూసుకునే ఇలాంటి నాయకులే ఈనాడు కావాలని రాశారు. నారాయణగూడలో సన్మానం జరిగింది. శాలువా కప్పుకుని జీపు దిగుతుంటే ఆయనకే నిజంగా కళ్లు చెమర్చాయి. తన పట్టుదల తనకే ఆశ్చర్యంగా ఉంది.

మర్నాడు పొద్దున్న కొత్తగా సున్నం వేసిన గోడ ముందుకు ఊరేగింపు వచ్చింది. "పరదేశీ, వాపస్ పో!" అని ఈరన్న అరిచాడు. మెడనరాలు ఉబ్బాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్ని నెలల్లో అతని గొంతులో అంత నిజాయితీ పలకడం ఆ వీధివాళ్లు అదే మొదటిసారి విన్నారు. ఆ పూట వెనక తలుపు ఎవరూ తట్టలేదు.