మిల్లువారి గొంతు

ఊరి బయటి నూలు మిల్లులో పద్దెనిమిదేళ్లు సూపర్‌వైజరుగా చేసిన పేరయ్య, రిటైరైన రోజు సాయంత్రం షెడ్డు తాళాలతో పాటు గొంతు కూడా స్టోర్లో అప్పజెప్పి, పుస్తకంలో సంతకం పెట్టి, మాట లేకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

ఇందులో వింతేమీ లేదు. గొంతు మిల్లుది. నూలు చుట్టే వైండింగ్ షెడ్డు మోతలో పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడదు కాబట్టి, యాజమాన్యం మొదట్లోనే షెడ్డుకొక గొంతు తెప్పించింది. ఎవరు మేస్త్రీ అయితే వాళ్లు అది పెట్టుకుని, సొంత గొంతు స్టోర్లో ఉంచాలి. దిగిపోయేటప్పుడు మార్చుకోవాలి. పేరయ్య విషయంలో వచ్చిన చిక్కల్లా ఆయన సొంత గొంతు స్టోర్లో కనపడకపోవడమే. "వెతికి కబురు చేస్తాలే మేస్త్రీ," అన్నాడు స్టోర్ కీపర్ మస్తాన్‌వలి. పేరయ్య తల ఊపాడు. అంతకుమించి ఆయన చేయగలిగింది లేదు.

ఆ పోస్టు సలోమికి ఇచ్చారు. పన్నెండేళ్లుగా అదే షెడ్డులో తెగిన దారాలు ముడేస్తున్న మనిషి. అక్కడ పనిచేసే నలభై మందీ ఆడవాళ్లే. మేస్త్రీలు మాత్రం మిల్లు పెట్టిన దగ్గర్నుంచీ మగవాళ్లే. బాత్రూముకి వెళ్లాలన్నా ఒక మగమనిషికి చిటికెన వేలు చూపించి నిలబడాలి. ఆయన అటు తిరిగి ఉంటే ఇటు తిరిగేదాకా నిలబడాలి. మూడు నెలల ప్రొబేషన్ దాటితే సలోమి ఖాయం. దాటకపోతే మేనేజరుగారి బావమరిది ఖాయం. ఈ సంగతి నలభై మందికీ తెలుసు.

మస్తాన్‌వలి అల్యూమినియం డబ్బా మూత తీసి గొంతు ఇచ్చాడు. గుప్పున బీడీ వాసన కొట్టింది.

"కడిగించలేదా అన్నా?"

"కడిగితే గరుకు పోద్దమ్మా. గరుకు పోయినాక అందులో ఏముంటది?"

ప్రొబేషన్లో ఒక వెసులుబాటు ఉంది. షిఫ్టు అయ్యాక గేటు దగ్గర మార్చుకుని సొంత గొంతుతో ఇంటికి వెళ్లొచ్చు. ఖాయమయ్యాక అలా కుదరదు. సూపర్‌వైజరుకి ఏ క్షణమైనా ఫోన్ రావచ్చు కాబట్టి మిల్లు గొంతే ఇంట్లోనూ ఉండాలి. సొంతది యాభై ఎనిమిదేళ్లు నిండేదాకా స్టోర్లో.

గొంతు బాగానే పనిచేసింది. కాకపోతే దానికి అలవాటైన మాటలే వచ్చేవి. నాంచారమ్మ కూతురికి టైఫాయిడ్ వచ్చి పది రోజులైంది. "పాపకి జ్వరం తగ్గిందా?" అని అడుగుదామని సలోమి నోరు తెరిచింది. "ఏందే ఆ మొహం? ఇదేమన్నా ఆసుపత్రా?" అని షెడ్డంతా వినపడింది. నాంచారమ్మ చేతిలో నూలు కోను చేతిలోనే ఉండిపోయింది. సలోమి కళ్లతో ఏదో చెప్పబోయింది గానీ, మిల్లులో కళ్లను ఎవరూ పట్టించుకోరు.

మేనేజరు పిలిచి మెచ్చుకున్నాడు. "మొదటి రోజే పట్టు దొరికిందమ్మా నీకు. లీడరంటే కనపడకపోయినా వినపడాలి."

నేనన్నది అది కాదు సార్ అని చెప్పబోయింది సలోమి. "ముందు చెప్పిన పని చెయ్యి, నోరు తర్వాత!" అని వచ్చింది. మేనేజరు గబుక్కున లేచి నిలబడి, తాను చేయాల్సిన పనేమిటా అని బల్లంతా వెతికాడు. ఏమీ దొరక్క మళ్లీ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆమెను మీరు అన్నాడు.

పేరయ్య మాత్రం రోజూ పొద్దున్నే సైకిలు మీద వచ్చి షెడ్డు గోడ అవతల నిలబడేవాడు. లోపల తన గొంతు అరుస్తుంటే కాసేపు విని వెళ్లిపోయేవాడు. ఇది చూసిన సలోమి వారం రోజులు అన్నం వేళ స్టోర్లో కూర్చుని వెతికింది. పాత బెల్టుల వెనక ఒక గాజు సీసాలో దొరికింది. చీటీ మీద పేరు సగమే మిగిలింది. ఆదివారం చర్చి అయ్యాక దాన్ని పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది.

పేరయ్య సీసా మూత తీసి విన్నాడు. మెత్తగా, కొంచెం తడబడుతూ ఉంది. నాది కాదని చెయ్యి ఊపాడు.

వంటింట్లోంచి ఆయన భార్య శేషారత్నం వచ్చింది. "మీదే," అంది. "పెళ్లిచూపులనాడు కాసిని మంచినీళ్లు ఇస్తావా అని అడిగింది ఇదే. మీరు మర్చిపోయినా నేను మర్చిపోలా." తర్వాత సలోమి వైపు తిరిగింది. "పద్దెనిమిదేళ్లు ఈ ఇంట్లో మిల్లు మాట్లాడిందమ్మా. నేను వండి పెట్టా. అది తిన్నది."

పేరయ్య గొంతు పెట్టుకున్నాడు. "కాసిని మంచినీళ్లు ఇస్తావా?" అన్నాడు. శేషారత్నం తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, దాహం లేకపోయినా మళ్లీ అడిగాడు.

రెండో నెలలో మిల్లు గొంతు బొంగురుపోయింది. రిపేరుకి కోయంబత్తూరు పంపారు. తొమ్మిది రోజులు సలోమి సొంత గొంతుతోనే పని చేయించాల్సి వచ్చింది. ఆ మోతలో అది వినపడదు కాబట్టి ప్రతి మనిషి దగ్గరికీ నడిచి, పేరు పెట్టి పిలిచి, చెవిలో చెప్పింది. సాయంత్రానికి కాళ్లు వాచేవి. అయితే ఆడవాళ్లు కూడా ఆమె చెవిలో తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. "అక్కా, పదకొండో మిషన్ బేరింగు ఏడుస్తంది, ఇయ్యాలో రేపో ఆగుద్ది." మిషన్లు ఆగకముందే బాగయ్యాయి. దారం తెగడం తగ్గింది. ఎన్నడూ లేనన్ని కోన్లు దిగాయి.

మేనేజరు రిపోర్టు రాశాడు. గొంతు అందుబాటులో లేని రోజుల్లో కూడా పని ఇంత చక్కగా జరిగిందంటే, ఆ గొంతు వేసిన ముద్ర ఎంత గట్టిదో తెలుస్తున్నది. కావున సలోమిగారిని ఖాయం చేయవలసినది.

కాగితం వచ్చిన రోజు నాంచారమ్మ గేటు దగ్గర పట్టుకుంది.

"వద్దు అక్కా. ఈ మేస్త్రీగిరీ వాళ్ల మొహాన కొట్టి మా పక్కన వచ్చి నిలబడు."

"బావమరిది వస్తాడే."

"రానీ. ఇంతకాలం ఎట్టా ఏగామో అట్టాగే ఏగుతాం."

"నువ్వు ఏగుతావు. మొన్న చేరిన చిన్నపిల్లలున్నారు. కడుపులో నొప్పి వస్తే వాడికెట్టా చెప్పుకుంటారు?"

నాంచారమ్మ గేటు ఊచ పట్టుకుని షెడ్డు వైపు చూసింది.

"తిడతా. బాగా తిడతా," అంది సలోమి. "మనసులో పెట్టుకోబాకండి."

"తిట్టు చెవిన పడినాక మనసులోకి పోకుండా ఎట్టా ఉంటది అక్కా?"

ఆ మాట సబబే అనిపించింది సలోమికి. అందుకని సొంత గొంతు స్టోర్లో అప్పజెప్పే ముందు షెడ్డంతా ఒకసారి తిరిగింది. నలభై మందికీ చెవిలో చెప్పింది. ఇదేమన్నా ఆసుపత్రా అంటే ఒంట్లో ఎట్టా ఉందని అడిగినట్టు. కాళ్లు విరిగినయ్యా అంటే కాసేపు కూర్చోమన్నట్టు. పో, మొహం చూపించబాకు అంటే ఇవాళ సెలవు తీసుకోమన్నట్టు. అందరి పేర్లూ ఒకసారి తన నోటితో పిలిచింది. తర్వాత స్టోరుకి వెళ్లి సంతకం పెట్టింది. సీసా మీద చీటీ తనే అంటించుకుంది. ముందు వరసలో పెట్టమని మస్తాన్‌వలిని బతిమాలింది.

ఇప్పుడు షెడ్డు సాఫీగా నడుస్తోంది. బాత్రూముకి వెళ్లడానికి ఎవరూ వేలు చూపించడం లేదు. సలోమి అరుస్తుంది. వాళ్లు కూర్చుంటారు, లేస్తారు, సెలవు పెట్టుకుంటారు. పక్క షెడ్ల సూపర్‌వైజర్లను తీసుకొచ్చి, అజమాయిషీ అంటే ఇదీ అని ఆమెను చూపిస్తున్నారు.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఆ అరుపు విని బావురుమంది. నాంచారమ్మ ఆ పిల్ల దగ్గరికి వెళ్లింది.

"ఎందుకే ఏడుస్తావు? అక్క నిన్ను కాసేపు కూర్చోమంటంది."

"అట్టా అనలేదుగా, కాళ్లు విరిగినయ్యా అన్నది!"

"మిల్లులో అట్టాగే అంటారు. అర్థం చేసుకోవాల."

చెప్పి రెండడుగులు వేసి ఆగిపోయింది నాంచారమ్మ. పక్క మిషన్ మీదున్న బాజీబీ చెవి దగ్గరికి వంగింది.

"ఏమే, నేను పురుడయ్యి పనిలోకొచ్చిన రోజు పేరయ్య మేస్త్రీ కూడా కాళ్లు విరిగినయ్యా అనే గదా అరిచింది?"

"అవును. నువ్వు రోషానికి పొద్దు గుంకేదాకా నిలబడే చేశావుగా!" అంది బాజీబీ.

నాంచారమ్మ ఇంకేదో అనబోయింది. ఇంతలో దారం తెగింది. వంగి ముడేసి, మిషన్ మళ్లీ వేసింది.