తలో చెయ్యీ వేసిన కారు

ఆ ఆదివారం పొద్దున్న అచ్యుతరామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కారు కిందికి దూరి పెట్రోలు ఫిల్టరు మార్చాలి, స్నానం చేసి మధ్యాహ్నం ఓ కునుకు తీయాలి. వారమంతా కొత్తపేట కాలేజీలో ఫిజిక్సు చెప్పి చెప్పి ఒళ్ళు హూనమైన మనిషికి ఆ కునుకే అసలు పని. ఫిల్టరు దానికి అడ్డం వచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున రాజోలులో భార్య కామాక్షి అక్కగారింట గృహప్రవేశం. కిందటేడు వాళ్ళింట్లో ఒడుగుకి వెళ్తుంటే ఈ పాత కారే గన్నవరం అక్విడెక్టు వంతెన ఎక్కలేక దగ్గి ఆగిపోయింది. వీళ్ళు చేరేసరికి విస్తళ్ళు ఎత్తేస్తున్నారు. తోడల్లుడు ఆంజనేయప్రసాద్ పదిమందిలో "ముహూర్తానికి కాకపోయినా తాంబూలానికి అందేరు, సంతోషం" అన్నాడు. ఆ మాట కామాక్షి మరిచిపోలేదు, మొగుణ్ణి మరవనివ్వలేదు. ఈసారి కూడా ఆలస్యమైతే అక్కగారి గడప తొక్కనని తేల్చి చెప్పింది. మెకానిక్కు తాతారావేమో జబ్బు ఫిల్టరుదేనని కొత్తది పంపించి, తను మంగళవారం దాకా రానన్నాడు.

పని కష్టమేమీ కాదు గానీ దానికో నియమం ఉంది. ఇంజను ఆపేసినా గొట్టంలో పెట్రోలు ఒత్తిడితో బిగిసి ఉంటుంది. ఆ ఒత్తిడి దించకుండా ఫిల్టరు ఊడదీస్తే మొహం మీదికి చిమ్ముతుంది. దగ్గర్లో నిప్పుంటే అంతే సంగతులు. అందుకని ముందు పెట్రోలు పంపు ఫ్యూజు తీసేసి ఇంజను నడపాలి. గొట్టంలో ఉన్న కాస్తా తాగేసి అది దానంతటదే ఆగిపోవాలి. ఆ తర్వాత బ్యాటరీ తీగ విప్పి పనిలోకి దిగాలి. అంటే ఇక్కడ కారు ఆగిపోవడమే విజయం. పలివెలలో ఆ వీధి మొత్తానికి ఈ సంగతి అతనొక్కడికే తెలియడం వల్ల వచ్చింది చిక్కు.

ఫ్యూజు తీసి అరుగు మీద పెట్టాడు. ఇంజను నడిచి, దగ్గి, ఆగింది. తృప్తిగా లోపలికి వెళ్ళి పాతగుడ్డ వెతికి తెచ్చుకునేసరికి కారు హాయిగా నడుస్తోంది. పక్కింటి డ్రిల్లు మాస్టారు శివశంకర్ స్టీరింగు ముందు కూర్చుని నవ్వుతున్నాడు.

"బండి ఆగిన చప్పుడైందండి. వచ్చి చూద్దును కదా, ఫ్యూజు ఊడి అరుగు మీదుంది. పెట్టేసేనండి."

ఊడిన ఫ్యూజు తనంతట తాను అరుగెక్కి కూర్చోదని చెబుదామనుకున్నాడు. కానీ గోడ దూకి మరీ సాయానికొచ్చిన మనిషితో అలా ఎలా అనడం? ఈ కోనసీమలో సాయం వద్దనడమూ, వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోవడమూ ఒకటే. "ఆయ్, చాలా సంతోషమండి" అన్నాడు. సంతోషం అన్నాక కాఫీ ఇవ్వాలి. సారెకి చలిమిడి పాకం పడుతున్న కామాక్షి ఆ కాఫీ కలిపేలోగా పాకం కాస్తా ముదిరిపోయింది.

రెండోసారి ఫ్యూజు జేబులో వేసుకున్నాడు. ఇంజను మళ్ళీ దగ్గి ఆగింది. ఈసారి ఎదురింటి వీరవేణి వింది. రొయ్యల చెరువులు చూసుకునే మనిషి, నీళ్ళలో గాలి చక్రాలు ఆగితే రొయ్యలు చస్తాయి కనక ఎక్కడ ఏది ఆగినా ఆవిడకి తోచదు. చెరువు మీదికి బయల్దేరిన తమ వ్యాను ఆపించి మనుషుల్ని దింపింది.

"మీరు స్టీరింగు పట్టుకోండి మాస్టారూ. మావోళ్ళు తోసేస్తారు."

కారు తనే కావాలని ఆపానని అచ్యుతరామయ్య చెప్పాడు. పాపం మొహమాటపడుతున్నారని వాళ్ళు ఇంకా గట్టిగా తోశారు. చేసేది లేక కూర్చుని స్టీరింగు తిప్పాడు. కాలవ గట్టు దాటి పెద్ద రోడ్డెక్కాక వాళ్ళలో ఒకాయన బానెట్టెత్తి, ఫ్యూజు లేదని కనిపెట్టి, తమ వ్యానులోది పీకి ఇందులో పెట్టాడు. కారు బయల్దేరింది, వ్యాను కదల్లేదు. అచ్యుతరామయ్య తన జేబులోది వాళ్ళకిచ్చి, అందర్నీ ఇంటికి పిలిచి కాఫీలిప్పించాడు. ఆ కాఫీలకి పాలు అయిపోయాయి. కామాక్షి ఖాళీ పాలగిన్నె తెచ్చి అతని ముందు బోర్లించి వెళ్ళింది.

మూడోసారి గేటుకి తాళం వేసి మరీ ఫ్యూజు తీశాడు. ఇంజను ఆగింది. మళ్ళీ కారు తాళం తిప్పి చూసినా అంటుకోలేదు. బ్యాటరీ తీగ విప్పి, కారు కిందికి దూరి, గుడ్డ చుట్టి గొట్టం వదులు చేశాడు. చిమ్మలేదు, చెంచాడు కారిందంతే. పొద్దుటి నుంచి మొదటిసారి అతనికి బతుకు మీద ఆశ పుట్టింది. అప్పుడే కర్పూరం వాసన వచ్చింది.

అత్తగారు అచ్చాయమ్మ. కారు అన్నిసార్లు ప్రాణం వదలడం కిటికీలోంచి చూస్తూనే ఉంది. దిష్టి తీద్దామని ఎర్రనీళ్ళ పళ్ళెంలో తమలపాకు మీద కర్పూరం వెలిగించుకుని మెట్లు దిగుతోంది.

"అక్కడే ఆగండి. ఇంకో అడుగేస్తే అందరం పోతాం" అని అరిచాడు.

పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ ముందు గొంతెత్తి ఎరగడు. ఆవిడ ఆగింది. కర్పూరాన్ని ఆ నీళ్ళలోనే ముంచి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మూడు దాటాక ఫిల్టరు బిగిసింది, కారు గుర్రంలా నడిచింది, కునుకు మాత్రం గంగలో కలిసింది. చేతులు కడుక్కుంటుంటే కామాక్షి కళ్ళనీళ్ళతో వచ్చింది. కారు పోయింది, అల్లుడికి మతి పోయింది, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండని అమ్మ రాజోలుకి ఫోన్ చేసిందిట. బావగారు బయల్దేరిపోయారుట.

"రేపు పీటల మీద కూర్చోవలసిన మనిషి మనకోసం పరిగెత్తుకొస్తున్నాడు. ఇంక జన్మంతా అంటాడు."

అతనికి నిజంగానే సిగ్గేసింది. తలుపు దగ్గర నిలబడి అత్తగారికి పెట్రోలు సంగతంతా చెప్పి తప్పు ఒప్పుకున్నాడు. "ఆ ముక్క పొద్దున్నే చెప్తే సరిపోను కద నాయనా" అంటూ ఆవిడ బయటికొచ్చింది.

తోడల్లుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి ఆయనే చేశాడు. గొంతు నీరసంగా ఉంది. గన్నవరం అక్విడెక్టు మీద ఆయన కారు దగ్గి దగ్గి ఆగిపోయిందిట.

ముగ్గురూ సారెతో సహా అప్పటికప్పుడు బయల్దేరారు. పొద్దు వాలేవేళకి పాత కారు కిక్కురుమనకుండా అక్విడెక్టు ఎక్కింది. అక్కడ ఒకాయన బానెట్టులో తల దూర్చాడు, నలుగురు వెనకనుంచి తోస్తున్నారు. ఆంజనేయప్రసాద్ స్టీరింగు పట్టుకుని, అచ్యుతరామయ్యకి పొద్దుటి నుంచి బాగా పరిచయమైన మొహంతో కూర్చున్నాడు.

"ముహూర్తం రేపు కదా బావగారూ, మేం ఇవాళే వచ్చేసేం" అంది కామాక్షి తీయగా.

ఆయన దిగాడు. మెకానిక్కు వచ్చేదాకా కారు ఇక్కడే ఉంటే పరవాలేదా అని తోడల్లుణ్ణి మెల్లిగా అడిగాడు.

"ఉండనివ్వండి అన్నయ్యగారూ. తాళం మాత్రం వేసెయ్యండి, లేకపోతే ఎవరో ఒకరు సాయం చేసేస్తారు" అన్నాడు అచ్యుతరామయ్య.