బీరువాకు అందిన హెచ్చరిక

మైకమ్మకు ఏళ్ల తరబడి ఒక సందేహం ఉంది. తాను చెప్పేది ఎవరైనా వింటున్నారా?

దేవుడి విషయంలో ఆమెకు ఆ సందేహం లేదు. రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని ఆయనకు అన్నీ చెప్పుకుంటుంది. ఆయన వింటాడు, జవాబివ్వడు; అది ఆయన పద్ధతి. ఆఫీసు సంగతే తేలలేదు. మూడంతస్తుల ప్రభుత్వ భవనంలో కింద అద్దాల గదిలో కూర్చుని, "గేటుకు అడ్డంగా ఉన్న తెల్లకారు దయచేసి తీయగలరు" అని మైకులో చెబితే తెల్లకారు కదలదు. "మధ్యాహ్నం నీళ్లు రావు, ఇప్పుడే పట్టుకోండి" అంటే ఎవరూ పట్టుకోరు. మధ్యాహ్నం మాత్రం వరసగా వచ్చి, "నీళ్లు రావడం లేదేం?" అని ఆమెనే అడుగుతారు.

ఈ సందేహం తీరకుండానే ఆమె చేతిలోంచి మైకు పోయేలా ఉంది. ఆపద వస్తే అందరి సెల్‌ఫోన్లకూ ఒక్కసారే హెచ్చరిక పంపే కొత్త యంత్రం వచ్చింది. ఆ రోజే పరీక్ష. అది నెగ్గితే మైకు గదికి తాళం, మైకమ్మకు నేలమాళిగలో పాత ఫైళ్ల గది. అసలే ఆమెకు ఉబ్బసం. "ఆ దుమ్ముకు ఊపిరాడదు సార్" అని మొరపెట్టుకుంటే భద్రతాధికారి, "పాత ఫైళ్లు ఎవరు కదుపుతారమ్మా? కదపకపోతే దుమ్మెందుకు లేస్తుంది?" అని ధైర్యం చెప్పాడు.

పరీక్షకు ఇంకా వ్యవధి ఉందనగా, ఊడ్చే ఆమె చీపురు చంకలో పెట్టుకుని పరుగున వచ్చింది.

"మైకమ్మా, పైన మీటింగు గది గుమ్మం పక్కన ఎవరిదో పెట్టె ఉంది. అటు పోయేవాళ్లలో ఎవర్నడిగినా నాది కాదంటున్నారు."

మైకమ్మ వెంటనే ఇంటర్‌కమ్‌లో పైకి చెప్పింది. భద్రతాధికారి గొంతులో భయం బదులు పండగ వినిపించింది.

"నిజం పెట్టేనా? భేష్! ఉత్తుత్తి పరీక్ష అవసరమే లేదు. నువ్వు మైకు ముట్టుకోకు. పైకొచ్చి పెట్టె ఎలా ఉందో చెప్పు."

ఆమె మెట్లెక్కి, పెట్టెకు దూరంగా గోడనానుకుని నడిచి లోపలికి వెళ్లింది. బల్ల చుట్టూ అధికారులు, మధ్యలో పెద్దాఫీసరు, యంత్రం ముందు దాన్ని అమ్మడానికొచ్చిన కంపెనీ మనిషి.

"నల్లది సార్. చక్రాలున్నాయి. పిడికి ఎర్ర రిబ్బను కట్టుంది."

కంపెనీ మనిషి శ్రద్ధగా టైపు చేశాడు.

"పెట్టె అంటే మరీ చులకనగా లేదూ? వస్తువు అందాం," అన్నాడు ఒక అధికారి.

"బయటికి పొండి అంటే మర్యాదగా ఉండదు. విచ్చేయవలసిందిగా కోరడమైనది అనండి," అన్నాడు ఇంకొకాయన.

"ముందు నా పేరు, హోదా రావాలి," అన్నాడు పెద్దాఫీసరు.

ఇంతమందీ గోడకు అవతల పెట్టెను పెట్టుకుని వాక్యం దిద్దుతుంటే, మైకమ్మ మనసులో దేవుణ్ణి తలుచుకుంటూ గుమ్మం వైపే చూస్తూ నిలబడింది. చివరికి సందేశం వెళ్లింది. అందరూ చెవులు రిక్కించారు. ఎక్కడా చడీచప్పుడు లేదు.

"అందిందంటావా?"

"అన్ని ఫోన్లకూ అందింది సార్. ఒక్కటీ తప్పిపోలేదు," అన్నాడు కంపెనీ మనిషి.

అందరూ జేబులు తడుముకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది. భద్రత దృష్ట్యా భవనంలోకి ఎవరూ ఫోను తీసుకురాకూడదని కిందటి వారమే ఉత్తర్వు వచ్చింది. పెద్దా చిన్నా తేడా లేకుండా అందరి ఫోన్లూ గేటు దగ్గర ఇనుప బీరువాలో ఉన్నాయి. ఆ ఉత్తర్వు కూడా భద్రతాధికారిదే.

మైకమ్మ కిందికి పరుగెత్తింది. ఆమె గదిలో ఇంటర్‌కమ్ అప్పటికే మోగుతోంది. గేటు కాపలాదారు.

"అక్కా! బీరువా వణుకుతోంది! లోపల్నుంచి కూతలు! బాంబే అక్కా, సందేహం లేదు. గేటు మూసేశాను, పోలీసులకు చెప్పేశాను. ఇటు ఎవర్నీ రానివ్వకు!"

పైన పెట్టె, ముందు గేటు దగ్గర బీరువా. ఆమె ఇంటర్‌కమ్‌లో పైకి అనుమతి అడిగింది. కొత్త సందేశం చిత్తుప్రతి తయారవుతోంది, ఆగమన్నారు. మైకమ్మ ఆగలేదు. మైకు అందుకుంది.

"అందరికీ మనవి. భవనంలో ప్రమాదం ఉంది. దయచేసి వెనక గుమ్మం గుండా బయటికి రండి."

అద్దంలోంచి హాలంతా కనిపిస్తోంది. ఒక గుమాస్తా ఆవలించాడు. ఇంకొకాయన లేచాడు, ఫ్యాను వేగం పెంచి మళ్లీ కూర్చున్నాడు. మైకమ్మ మళ్లీ మైకు నోటి దగ్గరికి లాక్కుంది.

"వెనకాల పెట్టిన బండ్లన్నీ క్రేనుతో ఎత్తుకుపోతున్నారు!"

కుర్చీలు పడ్డాయి. మెట్ల మీద అడుగుల చప్పుడు వడగళ్ల వానలా దిగింది. బండి లేనివాళ్లు కూడా పరుగెత్తారు. అందరికంటే ముందు పెద్దాఫీసరు, ఒక కాలికే బూటుతో, "నా కారు! నా కారు!" అంటూ దూసుకుపోయాడు. భవనం ఖాళీ అయింది.

పోలీసులు బీరువా తెరిచారు. ఫోన్లన్నీ పెద్దాఫీసరు పేరు, హోదా చూపిస్తూ గిలగిలా కొట్టుకుంటున్నాయి. తర్వాత పైనుంచి పెట్టెను జాగ్రత్తగా దించారు.

"అయ్యో, ఆ ఎర్ర రిబ్బను! అది నా పెట్టే!" అన్నాడు కంపెనీ మనిషి.

"నీ పెట్టె గుర్తులు నువ్వే టైపు చేశావు కదయ్యా!" భద్రతాధికారి గుడ్లురిమాడు.

"అర్థం చూసుకుంటూ టైపు చేస్తే ఆలస్యం కాదా సార్? అయినా భద్రత కోసం దాన్ని బయట పెట్టమన్నది మీరేగా!"

పెట్టె నిండా కరపత్రాలు: ఆపద కంటే ముందే మేము.

కమిటీ అక్కడికక్కడే తేల్చింది. యంత్రం వందకు వంద పాళ్లు పనిచేసింది కాబట్టి కొనాలి. ఫోన్లు బీరువాలోనే ఉండాలి. కాబట్టి మైకూ ఉండాలి. మైకమ్మ ఉండాలా అన్నదే మిగిలింది.

"అనుమతి లేకుండా అబద్ధం చెప్పించింది ఎవరు?" పెద్దాఫీసరు గర్జించాడు.

మైకమ్మకు అప్పుడే నేలమాళిగ మెట్లు కనిపించాయి. ఇంతలో కాపలాదారు ముందుకొచ్చాడు.

"నేనే చెప్పమన్నాను సార్. అందరూ వచ్చారా లేదా అని వెనక గుమ్మం దగ్గరికొచ్చి చూశాను కూడా. ముందుగా ఎవరు పరుగెత్తుకొచ్చారో చెప్పమంటారా?"

పెద్దాఫీసరు తన మేజోడు కాలిని రెండో కాలి వెనక దాచుకున్నాడు. "అక్కర్లేదు! నీకు బుద్ధుందా? గేటు దగ్గర నిలబడేవాడికి మైకుతో ఏం పని?" అని అందరి ముందూ కడిగిపారేసి వెళ్లిపోయాడు. మైకమ్మ పేరెత్తలేదు.

"నీకేం పట్టింది తమ్ముడూ? నా తిట్లు నువ్వెందుకు తిన్నావు?" అంది మైకమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"మా చిన్నది ఇక్కడ తప్పిపోయిన రోజు అనుమతి లేకుండానే మైకులో పిలిచావు. దొరికింది. నువ్వేమో నా బదులు మాటలు పడ్డావు. అప్పట్నుంచీ నీకు బాకీయే అక్కా. ఇవాళ్టితో చెల్లు."

ఆ భవనంలో కమిటీ వేయకుండా తేలిన వ్యవహారం బహుశా అదొక్కటే.