తోకకు కట్టిన తాడు

ఆ శనివారం పొద్దున వెర్లిన్ తోర్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. పాకలోంచి పసుపు విమానాన్ని బయటికి తొయ్యాలి. చలికాలం తరవాత మొదటిసారి ఇంజను స్టార్టు చేసి, పొలాల మీదుగా ఒక చుట్టు చుట్టి, చర్చిలో ఊరందరికీ పాన్‌కేకులు పోయడానికి వెళ్లిన భార్య మార్లిస్ తిరిగొచ్చేలోపు ఏమీ ఎరగనివాడిలా కుర్చీలో కూర్చోవాలి. ఎగరొద్దని మార్లిస్ అనలేదు. అయినా కొన్ని పనులు భార్య వేరేచోట అట్లు పోస్తున్నప్పుడు చేసుకోవడమే క్షేమమని ముప్పై ఏళ్ల కాపురంలో అతను నేర్చుకున్నాడు.

ఆ విమానానికి బ్యాటరీ లేదు, తాళం తిప్పితే అందుకునే సదుపాయం లేదు. ముందున్న చెక్క పంకాను చేత్తో పట్టుకుని ఒక్క ఊపున తిప్పాలి. తిప్పడం వెర్లిన్‌కు నీళ్లు తాగినంత సులువు. చిక్కంతా తరవాతే. ఇంజను అందుకునే సమయానికి తిప్పినవాడు బయట ఉంటాడు, లోపల ఎవరూ ఉండరు. కిందటేడు శరదృతువులో ఇంజను కాస్త ఎక్కువ హుషారుగా అందుకుంది. విమానం వెర్లిన్‌ను అక్కడే వదిలేసి, మార్లిస్ చిక్కుడు పాదులు దాటి, దండెం మీది దుప్పటి ఒంటికి చుట్టుకుని, కోళ్ల గూడు దగ్గర ఆగింది.

మార్లిస్ అరవలేదు. వెర్లిన్‌కు భయమేసింది అందుకే. ఆమె దుప్పటి విడదీసి మడత పెట్టుకుంటూ, "ఇదిగో చెబుతున్నా. ఇంకొక్కసారి ఏ బండైనా సరే, లోపల మనిషి లేకుండా కదిలిందా, అది మన వాకిట్లో ఉండదు" అంది. ఆ బండి ఏదో వెర్లిన్‌కు విడమరిచి చెప్పక్కర్లేదు. పక్క ఊళ్లో పాత విమానాలు కొనే ఆయన ఫోను నంబరు ఆ సాయంత్రమే ఫ్రిజ్ తలుపుకు అంటుకుంది. చలికాలమంతా పాలు తీసుకోబోయినప్పుడల్లా ఆ నంబరు అతన్ని పలకరిస్తూనే ఉంది. విమానం పోతే తన శనివారాలు ఏం చేసుకోవాలో వెర్లిన్‌కు తెలియదు. ఆ దిగులు మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

అందుకే ఈసారి జాగ్రత్త మీద జాగ్రత్త పడ్డాడు. చక్రాల ముందు చెక్క దిమ్మలు పెట్టాడు. విమానం తోకకు బొటనవేలంత లావు తాడు కట్టాడు. రెండో కొసను, ఊరు మునిగినా కదలనిదానికి కట్టాలనుకున్నాడు. అలాంటిది వాకిట్లో ఒకటే ఉంది. మార్లిస్ తమ్ముడు గేలార్డ్, "వచ్చే వారం తీసుకుపోతా అక్కా" అని పదేళ్ల కిందట వదిలేసి వెళ్లిన ట్రక్కు. దాని చుట్టూ గడ్డి నడుం ఎత్తున పెరిగింది. మార్లిస్ అడిగినప్పుడల్లా వచ్చే వారం ఇంకో వారం ముందుకు జరిగేది. వెర్లిన్ గడ్డిలో మోకాళ్ల మీద పాకి, ట్రక్కు వెనక కొక్కేనికి తాడు బిగించాడు.

లేచేసరికి గేలార్డ్ ఎదురుగా ఉన్నాడు. ఒక చంకలో కొత్త బ్యాటరీ, ఇంకో చేతిలో చిన్న పెట్రోలు డబ్బా.

"బావా, ఇవాళ దీన్ని నడిపిస్తున్నా. చర్చి ముందు దింపితే అక్క కళ్లు తిరిగి పడిపోవాలి!"

"పడుతుంది, పడుతుంది" అన్నాడు వెర్లిన్. గేలార్డ్ ఈ మాట అనడం ఇది ఎన్నోసారో లెక్క లేదు. కిందటిసారి కొత్త టైర్లు తెచ్చాడు, అంతకుముందు కార్బురేటరు. ట్రక్కు ఒక్క దగ్గయినా దగ్గలేదు. "నీ తిప్పలు నువ్వు పడు, నా తిప్పలు నేను పడతా" అని వెర్లిన్ తన పంకా దగ్గరికి నడిచాడు. తాడు సంగతి చెప్పాలని అతనికి తోచలేదు. కొండకు కట్టిన తాడు గురించి కొండకు ఎవరు చెబుతారు?

పంకా తిప్పడానికి ఇద్దరుండాలని నియమం. బయటివాడు "స్విచ్ ఆఫ్!" అంటే లోపలివాడు కూడా "ఆఫ్!" అనాలి. "ఆన్!" అంటే "ఆన్!" అనాలి. వెర్లిన్‌కు లోపలివాడు లేడు కాబట్టి రెండు వేషాలూ తనే వేసేవాడు. గొంతు కూడా మార్చేవాడు.

"స్విచ్ ఆఫ్!" అని అరిచి, సన్నగా "ఆఫ్!" అన్నాడు. పంకాను నాలుగుసార్లు మెల్లగా తిప్పి పెట్రోలు పీల్పించాడు. లోపలికి వంగి స్విచ్ వేశాడు. తలుపు పక్కన, పంకాకు వెనకవైపు కాళ్లు నిలదొక్కుకుని, "ఆన్!" అని అరిచాడు.

ట్రక్కు స్టీరింగు కింద తల దూర్చి తీగలు కలుపుతున్న గేలార్డ్‌కు ఆ అరుపు చెవిన పడింది. గుండె కరిగిపోయింది. ఇన్నాళ్లకు బావ తన ట్రక్కును పట్టించుకుంటున్నాడు!

"ఆన్ చేస్తున్నా బావా!" అని తాళం తిప్పాడు.

ఇటు వెర్లిన్ పంకాను ఒక్క ఊపు ఊపాడు. రెండు ఇంజన్లూ ఒకేసారి అందుకున్నాయి. పదేళ్ల పొగంతా ఒక్కసారిగా వదిలి ట్రక్కు గర్జించింది. గేలార్డ్‌కు కన్నీళ్లు వచ్చాయి. గేరు వేసి, ఎదుటి బాట గాడిలో చక్రాలు పెట్టి, చర్చి వైపు కదిలాడు. చర్చి ఎంతో దూరం కాదు. పాక దగ్గర మొదలైన బండిబాట గీత గీసినట్టు పోయి, పెద్ద రోడ్డు దాటి, చర్చి ఆవరణలోనే తేలుతుంది.

వెర్లిన్ విమానం ముందుకు ఉరుకుతుందేమోనని చూస్తున్నాడు. అది వెనక్కి బయల్దేరింది. చక్రాల ముందు దిమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి. విమానమే వాటికి వీడ్కోలు చెప్పి పోతోంది. లోపల మనిషి లేడు. ఫ్రిజ్ మీది నంబరు అతని కళ్ల ముందు మెదిలింది. అరవయ్యో పడిలో ఉన్న వెర్లిన్ ఆ పరుగు ఇరవైలో కూడా పరిగెత్తి ఉండడు. తలుపు పట్టుకుని తల ముందూ కాళ్లు తరవాతా లోపల పడ్డాడు. కూర్చున్నాక, విమానపు చిన్న బ్రేకులు ట్రక్కుకు ఆనవు కాబట్టి దాన్ని ఆపడానికి తనకున్న దారి ఒకటే అనిపించి, ఇంజను వేగం పెంచాడు.

విమానం ముందుకు లాగింది. ట్రక్కు వెనక్కి తగ్గింది. బురదలో చక్రాలు గిర్రున తిరిగాయి.

"ఇదేమిటే తల్లీ, పదేళ్లు కూర్చుంటే ఇంత నీరసమా?" అని గేలార్డ్ ట్రక్కును బుజ్జగించి, దాన్ని ముసలమ్మ గేరులో పెట్టాడు. ఆ ప్రాంతపు ట్రక్కులన్నిటికీ ఆ గేరు ఉంటుంది. అది వేస్తే బండి ఎవరూ తొక్కకపోయినా నడక వేగంతో తనంతట తను పోతుంది. చలికాలం పశువులకు గడ్డి వెయ్యాలంటే రైతు గేరు వేసి దిగిపోవడమే. అలవాటు కొద్దీ గేలార్డ్ కూడా, వెనక ఏం తగులుకుందో చూద్దామని దిగాడు. తలుపు వెనకాల టపుక్కున మూసుకుంది.

వెనక తగులుకున్నది బావ.

"బావా! నువ్వక్కడ ఏం చేస్తున్నావ్?"

"పోరా! దగ్గరికి రాకు! పంకా!"

ఏమీ వినబడక, వినడానికి గేలార్డ్ ఇంకా దగ్గరికి వచ్చాడు. తిరిగే పంకా కంటికి కనబడదు. లోకంలో మార్లిస్ తరవాత వెర్లిన్ భయపడేది దానికే. ఇక ఆలోచించకుండా స్విచ్ ఆపేశాడు. పంకా ఆగింది, బావమరిది బతికాడు. వెనక బరువు తగ్గిన ట్రక్కు ఊపిరి పీల్చుకుని చర్చికి బయల్దేరింది.

గేలార్డ్ పరిగెత్తి తలుపు పిడి లాగాడు. పిడి చేతిలోకి వచ్చింది. తలుపు రాలేదు.

అటు తలుపు తుప్పుతో ఎప్పుడో అతుక్కుపోయింది. అద్దాలు మూసి ఉన్నాయి. గేలార్డ్ పిడి పట్టుకుని ట్రక్కు పక్కన నడుస్తూ, "ఆగవే, ఆగవే" అని బతిమాలసాగాడు. వెర్లిన్ దిగి తాడు విప్పొచ్చు. కానీ దిగితే లోపల మనిషి ఉండడు. ఉంటే ఊరు చూస్తుంది, దిగితే విమానం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా అతను పోతున్నది వెనక్కే. టోపీ సర్దుకుని కూర్చున్నాడు.

చర్చి ఆవరణలో జనం పళ్లేలతో నిలబడిపోయారు. డ్రైవరు లేని ట్రక్కు, దాని పక్కన పిడితో గేలార్డ్, వెనక తోక ముందుగా పసుపు విమానం, అందులో పెళ్లికొడుకులా వెర్లిన్. మార్లిస్ అట్లకాడతో బయటికి వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. గేలార్డ్ పోసిన పెట్రోలు సరిగ్గా అక్కడికే సరిపోయింది. ట్రక్కు రెండు దగ్గులు దగ్గి, ఆమె ముందు ఆగింది.

"వెర్లిన్."

"ఆఁ."

"లోపలే ఉన్నావా?"

"ఉన్నా."

"కదిలినప్పటి నుంచీ ఉన్నావా?"

వెర్లిన్ చుట్టూ చూశాడు. పాస్టరుగారు తేనె సీసాతో పక్కనే నిలబడ్డారు. ఇంకెక్కడైనా అయితే అబద్ధం ఆడేవాడేమో. "నాలుగైదు గజాలు ఆలస్యంగా ఎక్కాను" అన్నాడు. అన్నాక ప్రాణం ఉసూరుమంది. విమానం రెక్కలకు తొడిగిన ఆ గుడ్డ వంటింటి బల్ల మీద మార్లిస్ చేత్తో కుట్టినదే. దాని మీద ఒకసారి చెయ్యి వేసి, తీసేశాడు.

మార్లిస్ విమానం చుట్టూ నడిచింది. రెక్క కింద కుట్టు చూసుకుంది. తాడు పట్టుకుని తోక నుంచి ట్రక్కు దాకా వెళ్లింది. ట్రక్కు అద్దంలోంచి ఖాళీ సీటును చాలాసేపు చూసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇందులో ఎవరున్నారు?"

గేలార్డ్ పిడి వెనక్కి దాచుకున్నాడు. "ఎవరూ లేరక్కా. ముసలమ్మ గేరు..."

"విమానం ఈడ్చుకొస్తే వచ్చింది, దాని తప్పేం లేదు. మనిషి లేకుండా తనంతట తను కదిలి వచ్చింది ఇదీ! నేనేమన్నాను? ఏ బండైనా సరే అన్నాను. పాస్టరుగారూ, పాత ఇనుము కొనేవాడి నంబరు మీ దగ్గరుందా?"

"అక్కా! ఇవాళే కదా నడిచింది!"

"అందుకేరా. నడవనంతకాలం ఏమైనా అన్నానా?"

పదేళ్లుగా వారానికోసారి అంటూనే ఉందని అక్కడున్న అందరికీ తెలుసు. చేతిలో అట్లకాడ ఉంది కాబట్టి ఎవరూ గుర్తుచెయ్యలేదు. సాయంత్రానికి ట్రక్కు వెళ్లిపోయింది. ఫ్రిజ్ మీది నంబరు కూడా పోయింది. గేలార్డ్ పిడిని మాత్రం ఇంటికి తీసుకుపోయాడు, వచ్చే వారం దానికి తగిన తలుపు వెతుకుతాడట.

మళ్లీ శనివారం వెర్లిన్ తాడు పట్టుకుని వాకిలంతా తిరిగాడు. కదలనిది ఒక్కటీ కనబడలేదు. అతని అవస్థ కిటికీలోంచి కాసేపు చూసి, మార్లిస్ ఊలు బుట్ట తీసుకుని వచ్చి, విమానం ముందు సీట్లో కూర్చుంది.

వెర్లిన్ పంకా మీద చేతులు వేసి, "బ్రేకులు!" అని అరిచాడు.

"పెళ్లయినప్పటి నుంచీ పట్టుకునే ఉన్నాను, నువ్వు తిప్పు" అంది మార్లిస్.

ఇంజను ఆ రోజు మొదటి తిప్పుకే అందుకుంది.