సెలవు అనే పనిముట్టు

కామా టీచరు ఆ రోజుకి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి బడి ఆఫీసుకు చేరాలి, విద్యాశాఖ అధికారికి రెండు వాక్యాల ఉత్తరం పంపాలి, లైబ్రరీ గది తాళం తీసి బల్లలు తుడవాలి. పదింటికి అధికారి వచ్చి, ఆ గదిలో ఎవరైనా చదువుకుంటున్నారో లేదో చూస్తారు. చదువుతుంటే గది ఉంటుంది. లేకపోతే విరిగిన కుర్చీలు పడేసే కొట్టవుతుంది.

ఆ గదిని ఇరవై రెండేళ్లు చూసుకున్నది ఆమె భర్త. ఆయన పోయి పది నెలలు. తాళంచెవి ఆమె సంచిలో ఉంటుంది. ఆయన కళ్లజోడు మాత్రం ఆ గది బల్ల సొరుగులోనే ఉండిపోయింది. దాని గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

పిల్లలు ఆమెకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. కామా జారితే అర మార్కు కోత. "దాన్ని" అని రాసి, దేన్నో చెప్పకపోతే ఇంకో అర మార్కు. అందుకే ఆఫీసు కంప్యూటర్లో ఏఐ సహాయకుణ్ణి పెట్టినప్పుడు కంప్యూటర్ మాస్టారు నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. సహాయకుడి చేతికి మూడు పనిముట్లు ఇచ్చారట. ఏది ఎందుకో రాసిపెడితే, అది చదువుకుని తనంతట తానే పనులు చేసుకుపోతాడట.

"ఎప్పుడు వాడకూడదో కూడా రాయండి మేడమ్," అన్నాడు.

"చదివేవాడికి ఆ మాత్రం తెలియదా బాబూ? మాటల్ని నీళ్లలా పారబోయకూడదు," అంది టీచరు. పనిముట్టుకో వాక్యం చొప్పున రాసిచ్చింది.

"సెలవు: సెలవు అన్నప్పుడు అందరికీ సెలవు ఇస్తుంది. రద్దు: చివర నమోదైన దాన్ని రద్దు చేస్తుంది. పిలుపు: జాబితాలోని వారిని పిలుస్తుంది."

ఎంత పొదుపుగా కుదిరాయో అని తనలో తానే మురిసింది.

ఆ ఉదయం ఉత్తరం కూడా అంతే పొదుపుగా రాసింది. "పది గంటలకు తమ రాక కోసం ఎదురుచూస్తుంటాం. ఇక సెలవు." సహాయకుడు పంపాడు. "తప్పక వస్తాను" అని అధికారి జవాబు రాగానే ఆయన రాకను నమోదు చేశాడు. టీచరు తుడుపుగుడ్డ అందుకునేలోగా ఫోను మోగింది. ఆడబిడ్డ.

"వదినా, ఇవాళ బడికి సెలవట కదా! మా మనవడు బూటొకటి అటూ, ఒకటి ఇటూ విసిరేసి మళ్లీ ముసుగుతన్నాడు."

"సెలవేంటి? ఎవరన్నారు?"

"మీ బడే! మెసేజ్ వచ్చింది. కామాలన్నీ సరిగ్గా ఉంటే నువ్వే రాశావనుకున్నా."

టీచరు పరుగున వెళ్లి చూసింది. "మీరు సెలవు అన్నారు. నాలుగు వందల పన్నెండు ఇళ్లకు సెలవు ప్రకటించాను," అని తెర మీద వినయంగా ఉంది.

ఆమెకు ఒళ్లు మండింది. "దాన్ని వెంటనే రద్దు చెయ్!" అని కొట్టింది.

"రద్దు చేశాను. పది గంటలకు అధికారి రానక్కర్లేదు. ఆ సంగతి ఆయనకు తెలియజేశాను."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. "దాన్ని" అంటే దేన్ని? ముప్ఫై ఏళ్లుగా పిల్లల్ని అడుగుతున్న ప్రశ్న. అధికారికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఈలోగా హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ సెలవని నాకు చెప్పలేదేం టీచరుగారూ? హాయిగా పడుకునేవాణ్ణి కదా!"

"సెలవు లేదండీ!"

"మరి పిల్లలేరి?"

"సెలవు కదండీ!"

హెడ్మాస్టరు కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. టీచరు ఈసారి సర్వనామం జోలికి పోలేదు. "అధికారిగారిని లైబ్రరీ గదికి వెంటనే రమ్మని పిలువు," అని అక్షరం అక్షరం చూసుకుని కొట్టింది.

"పిలిచాను. జాబితాలో ఉన్న నాలుగు వందల పదమూడు మందికీ చేరింది."

విషయం విన్న కంప్యూటర్ మాస్టారు ఫోనులోనే దణ్ణం పెట్టాడు. "మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటా, నేనొచ్చేదాకా దానితో ఏమీ అనకండి."

తొమ్మిదిన్నరకల్లా లైబ్రరీ గది కిక్కిరిసింది. ఒకాయన సగం గడ్డంతో, సగం సబ్బు నురగతో వచ్చాడు.

"మా పిల్లకేమైందమ్మా?"

"మీ పిల్ల మీ చెయ్యి పట్టుకునే ఉందండీ."

"అవును కదూ! మరెందుకు పిలిచారు?"

"పొద్దున సెలవన్నారు, ఇప్పుడు పరిగెత్తుకు రమ్మన్నారు. ఏదో ఒక మాట మీద నిలబడండి!" అని వెనకనుంచి ఒకావిడ కేకేసింది. గోల పైకప్పుకి తగిలింది.

"నిశ్శబ్దం! లైబ్రరీలో మాట్లాడకూడదు!" అని హెడ్మాస్టరు అరిచాడు, అలవాటు కొద్దీ.

చిత్రంగా అందరూ నోళ్లు మూశారు. మాట్లాడకూడని గదిలో ఇక చేసేదేముంది? పిల్లలు అరల్లోంచి పుస్తకాలు లాగారు. పెద్దవాళ్లు కాసేపు పైకప్పు చూసి, తర్వాత ఎవరూ చూడకుండా తామూ లాగారు. సబ్బు నురగాయన గడియారాల మరమ్మతు మీద పుస్తకం తెరిచి నేల మీద చతికిలబడ్డాడు.

అధికారి రొప్పుతూ వచ్చింది అప్పుడే. "వస్తున్నానంటే వద్దన్నారు, ఊరుకుంటే వెంటనే రమ్మన్నారు! ఏంటండీ ఈ..." అని, గదిని చూసి గొంతు తగ్గించాడు. "రావద్దన్న రోజున ఇంతమందా?"

టీచరు ఒక్క ముక్క దాచకుండా జరిగిందంతా చెప్పింది. ఆయన వింటూనే ఒక పుస్తకం తీశాడు, చేతులు చాచి దూరంగా పట్టుకుని చూశాడు, జేబులు తడుముకున్నాడు.

"హడావిడిలో జోడు మరిచానండీ. రిపోర్టు ఎలా రాయను?"

టీచరు బల్ల దగ్గరికి నడిచింది. సొరుగు లాగింది. కళ్లజోడు పైటకొంగుతో తుడిచి ఇచ్చింది.

"భలే సరిపోయిందే! ఎవరిదండీ?"

"ఈ గదిదేనండి," అంది.

"గదిని కొనసాగించవలెను" అని ఆయన రాసి, సంతకం చేసి, జోడు తీయకుండానే పుస్తకంలో పడ్డాడు.

సాయంత్రం టీచరు ఒక్క "సెలవు"కే రెండు పేజీలు రాసింది. ఎప్పుడు ఇవ్వాలి, ఎవరిని అడిగి ఇవ్వాలి, ఏది వీడ్కోలు, అనుమానం వస్తే ఏం చేయాలి.

"మాటలు పారబోయకూడదన్నారు కదా మేడమ్?" అన్నాడు కంప్యూటర్ మాస్టారు.

"చదివేవాడికి తెలియదు బాబూ. తెలియకపోవడం వాడి తప్పు కాదు." తన పాత మూడు వాక్యాల పక్కన ఎర్ర సిరాతో సున్నా చుట్టింది.

తర్వాత అధికారికి ధన్యవాదాల ఉత్తరం రాసి, చివరి వాక్యం దగ్గర చెయ్యి ఆపేసింది. మర్నాడు బడి ఉంది.