తాతయ్య, కొత్తల్లుడు, ఇరవై సెకన్లు

మా ఆవిడ జ్యోతి తార్నాకలో మా చర్చి పాటల బృందం క్వయర్‌కి లీడరు. వారంలో ఆరు రోజులు ఆఫీసులో సూపరింటెండెంటు చేత, ఏడో రోజు చర్చిలో భార్య చేత చీవాట్లు తినే భాగ్యం ఈ మహానగరంలో నాకొక్కడికే దక్కిందనుకుంటాను. ఇంకెవరికైనా దక్కి ఉంటే చెప్పండి, కలిసి టీ తాగుదాం.

నా పేరు ఆనందరావు. యూనివర్సిటీలో గుమస్తాను. నలభై ఎనిమిదో ఏట ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. ఈ వయసులో అందరికీ షుగర్ వస్తే మా ఆయనకి గిటార్ వచ్చింది అని జ్యోతి చుట్టాలందరికీ చెబుతుంది. వచ్చింది అనడం పొరపాటని, ఇంకా రాలేదని కూడా తనే చెబుతుంది.

ఈ ఏడు క్రిస్మస్‌కి క్వయర్ వాళ్ళు ఒక కొత్త పాట రికార్డు చేద్దామనుకున్నారు. అందులో రెండో చరణానికి ముందు ఎవరూ పాడని ఖాళీ ఒకటుంది. సరిగ్గా ఇరవై సెకన్లు. అక్కడ నా గిటార్ మోగాలని నా ఆశ. ఇరవై ఏళ్ళ సంసారంలో నేను నోరు తెరిచి అడిగింది ఆ ఇరవై సెకన్లే.

"మీ డబ్బా బరబరమంటుందండీ," అంది జ్యోతి, చేటలో కందిపప్పు ఏరుతూ.

"డబ్బా తప్పు కాదు. అందులో ఉన్న స్పీకర్ తప్పు. ముసలిదైపోయింది."

"స్పీకర్ తనంతట తానే వాయించుకుంటోందా?"

ఈవిడకి ఎలా చెప్పాలండీ? ఎలక్ట్రిక్ గిటార్‌కి సొంత గొంతు ఉండదు. తీగ మీటితే ఆ కదలిక ఆంప్లిఫయర్‌కి వెళ్ళి, అక్కణ్ణుంచి స్పీకర్‌కి వెళ్ళి, అక్కడ పలుకుతుంది. స్పీకర్ ఎలాంటిదైతే గొంతు అలాంటిది. నా పాత స్పీకర్ పేరు తాతయ్య. దాని లోపల అదిరే కాగితం గరాటు రెండుచోట్ల చిరిగితే కాచిగూడ మైక్‌సెట్ షాపు బుచ్చిరాములు అతుకులు వేసి ఇచ్చాడు.

ఆ బుచ్చిరాములే నా గోడు విని షాపు లోపల్నుంచి ఇంకో డబ్బా తెచ్చాడు.

"సార్, గీ కొత్త స్పీకర్ జూడుండ్రి. ఎంత సాఫ్ వలుకుతదో! వారం దినాలు పెట్టుకొని వాయించుండ్రి. నచ్చకపోతె వాపస్ దెండ్రి, ఫికర్ లేదు."

దానికి నేను కొత్తల్లుడు అని పేరు పెట్టాను. పేరుకు తగ్గట్టే ఇంట్లోకి రాకముందే గొడవ మొదలైంది.

"ఈ ఇంట్లో ఒక్క డబ్బాకే చోటు," అంది జ్యోతి. "రెండిటి మీదా అదే ముక్క వాయించి రికార్డు చేసుకురండి. ఏది ఏదో చెప్పొద్దు. విని నేను తేలుస్తాను. గెలిచిన డబ్బా ఇంట్లో ఉంటుంది, రెండోది పోతుంది. బాగుంటే ఆ ఇరవై సెకన్లు మీవి."

"బాగా లేకపోతే?"

"క్రిస్మస్ రోజు కేకులు పంచుదురు గాని."

న్యాయంగానే ఉంది కదా? నాకు న్యాయం మీద అంత నమ్మకం లేదు. బుచ్చిరాములు మాటల్లో మాటగా ఒక రహస్యం చెప్పాడు. మైకుని స్పీకర్ నడిబొడ్డున పెడితే శబ్దం కణకణలాడుతూ వస్తుందట. అంచుకి జరిపితే జలుబు చేసినట్టు మెత్తబడిపోతుందట. అంతే, నా బుర్ర వెలిగింది. కొత్తల్లుడికి నడిబొడ్డున మైకు, తాతయ్యకి అంచున. ఇక జ్యోతి తన నోటితో తానే కొత్తల్లుణ్ణి ఇంట్లోకి పిలుస్తుంది.

ఇంట్లో రికార్డు చేద్దామంటే పక్కింటి కుక్కరు, కింద ఆటోలు, పైన మెట్రో. నిశ్శబ్దం కావాలంటే మా ఆఫీసు రికార్డు రూమే దిక్కు. నాలుగు గోడలకీ నేల నుంచి కప్పు దాకా పాత ఫైళ్ళ కట్టలు. ఆ గదిలోకి వెళ్ళిన ఏ విన్నపమూ ఇంతవరకు బయటికి వినపడలేదు. అనుమతి అడగలేదు. అడిగితే ఫైలు పెట్టమంటారు, అది పై క్రిస్మస్‌కి కదులుతుంది.

రెండో శనివారం ఆటోలో రెండు డబ్బాలూ వేసుకుని క్యాంపస్‌కి చేరాను. గేటు దగ్గర వాచ్‌మన్ చంద్రయ్య అడ్డం వచ్చాడు. వచ్చే ఏడు రిటైరవుతాడు.

"సెలవునాడు ఏం పని వడ్డది సారూ?"

"పెండింగ్ ఫైళ్ళు చంద్రయ్యా."

"ఇరవై ఏండ్ల సంది గీడ్నే ఉన్న. పెండింగ్ ఫైలు కోసం సెలవునాడు అచ్చిన సారును ఇంతవరకు సూడలే." నా భుజాన ఉన్న గిటార్ సంచీ వైపు చాలాసేపు చూశాడు. "ఫైలు జర పొడుగున్నట్టుంది," అని, ఒక డబ్బా తానే ఎత్తుకుని వచ్చాడు.

కొత్తల్లుడి రికార్డింగు చక్కగా అయిపోయింది. తర్వాత తాతయ్యని కలిపాను. మైకు బాగా అంచుకి జరిపి, రికార్డర్ నొక్కి, ఇరవై సెకన్లు వాయించాను. వాయించిన ఊపులో గిటార్‌తో సహా డబ్బా ముందుకి వెళ్ళి నిలబడ్డాను. అంతే. స్పీకర్ మోత తిరిగి గిటార్‌లోకే దూరి కుయ్యిమని ఒక కేక. కిటికీ అద్దాలు గజగజలాడాయి. మూడు ఫైళ్ళ కట్టలు నా నెత్తిన పడ్డాయి. కంగారులో గిటార్ స్టూలు మీద పెట్టేసి, గాలి కోసం కిటికీ తెరిచాను.

మా క్యాంపస్ సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. ఇక్కడ మైకు కుయ్యిమందంటే ఎక్కడో ధర్నా మొదలైనట్టే లెక్క. ఎందుకని ఎవరూ అడగరు, ముందు వచ్చేస్తారు. ఐదు నిమిషాల్లో మెట్ల ముందు నలభై మంది స్టూడెంట్లు. పంపించేద్దామని బయటికొచ్చాను. ముందు నిలబడ్డవాడు పరుశురాం, హాస్టల్ నాయకుడు.

"సార్, ధర్నా ఎవ్వరిది?" అన్నాడు.

"ధర్నా లేదు బాబూ, ఏమీ లేదు. వెళ్ళండి."

"ఎట్లైనా అందరం అచ్చినం గదా సార్. మా మెస్సు వినతిపత్రం తీస్కోండ్రి. నెల సంది తిరుగుతున్నం, ఆఫీసుల ఒక్కలు దొరుకుతలేరు."

"ఇవాళ సెలవయ్యా!"

"మీరు ఆఫీసుల్నే ఉన్నరు గదా?"

ఫైళ్ళ దుమ్ముతో నెత్తి తెల్లబడి మెట్ల మీద నిలబడ్డవాడు ఆఫీసులో లేనంటే ఎవరు నమ్ముతారు? కాగితం తీసుకున్నాను. చదివి వినిపించమన్నారు. వినిపించాను. కాగితం అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వెయ్యమన్నారు. లోపల్నుంచి రిజిస్టరు తెచ్చి నంబరు వేసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టాను. పాతికేళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే పనిచేశాయి. చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. వాళ్ళ గోలలో నాకు ఇంకే చప్పుడూ వినపడలేదు.

రికార్డు రూముకి తిరిగి వచ్చేసరికి గిటార్ గోడకి ఆనించి ఉంది, స్టూలు మీద చంద్రయ్య ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు. "దుమ్ము దులుపుతున్న సారూ," అన్నాడు. రికార్డర్ ఇంకా నడుస్తూనే ఉంది. విసుగ్గా ఆపేసి ఇంటికొచ్చాను. విని చూసుకునే ఓపిక లేదు. అదీ నేను చేసిన తప్పు.

సాయంత్రం జ్యోతి మళ్ళీ చేట ముందేసుకుని కూర్చుంది. మొదట కొత్తల్లుణ్ణి వినిపించాను. ఆ దరిద్రపు స్పీకర్ ఎంత శుభ్రంగా పలికిందంటే, నేను చేసిన ఎనిమిది తప్పులూ విడివిడిగా, కడిగి ఆరబెట్టినట్టు వినిపించాయి.

"స్పీకర్ చాలా నిజాయితీగా ఉందండీ," అంది.

తాతయ్యని వినిపించాను. తప్పులు అవే, కాస్త జలుబుతో వచ్చాయి. ఆ వెంటనే కుయ్యి. ఆపబోయాను.

"ఉండండి."

తలుపు చప్పుడు. దూరంగా గోల. అప్పుడు మొదలైంది గిటార్. నేను వాయించిన ముక్కే, కానీ నేను వాయించింది కాదు. ఒక్కో స్వరం తొందర లేకుండా, తడబడకుండా, లోపల్నుంచి లాగినట్టు వస్తోంది. జ్యోతి చేతిలో చేట ఆగిపోయింది. నావైపు చూసింది. మా పెళ్ళైన కొత్తలో కూడా నన్ను అలా చూడలేదు.

"ఇది మీరేనా?"

నిజం చెప్పాలని ఉంది. కానీ ఆ చూపు పోతుందే! ఇరవై ఏళ్ళకి ఒక్కసారి వచ్చిన చూపు. "మరి?" అన్నాను నేల చూస్తూ.

"అయితే రేపు ఆరాధన అయ్యాక క్వయర్ ముందు అచ్చం ఇలాగే వాయించండి."

జ్యోతి రికార్డర్ తీసుకుని కాస్త వెనక్కి జరిపి, శబ్దం పెంచింది. గిటార్ వెనకాల, తెరిచిన కిటికీలోంచి ఒక గొంతు ఆఫీసు ధోరణిలో చదువుతోంది: "ఉప్మాలో ఉండలు కట్టుట తక్షణమే నివారించవలెనని ప్రార్థన. ఇన్‌వర్డ్ నంబరు నూట పద్నాలుగు."

"ఒక చేత్తో గిటార్ వాయిస్తూ ఇంకో చేత్తో ముద్ర కొట్టారా?" అంది జ్యోతి.

సిగ్గుతో చచ్చిపోయాను. వాయించింది మా వాచ్‌మన్ చంద్రయ్య అని ఒప్పుకున్నాను.

మర్నాడు జ్యోతి నన్ను వెంటబెట్టుకుని క్యాంపస్ గేటుకి వెళ్ళింది. చంద్రయ్య భయపడి లేచి నిలబడ్డాడు. "ఎరుకలేక ముట్టిన అమ్మా. ఎన్కట కాచిగూడల పెండ్లిల్ల ఆర్కెస్ట్రాల వాయిస్తుంటి. డీజేలు అచ్చినంక మమ్ముల పిలిచేటోల్లు లేకపోయిన్రు. గిటార్ అమ్ముకొని ఈ నౌకరిల వడ్డ. తీగ ముట్టక ఇరవై ఏండ్లాయె. నిన్న సారు వాయించేది విన్న." నావైపు తిరిగాడు. "ఊకోలేకపోయిన."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన ఇరవై ఏళ్ళతో పోలిస్తే నా ఇరవై సెకన్లు ఏపాటివి? "నా గిటారే తీసుకో చంద్రయ్యా," అన్నాను. ఈ మాట మాత్రం ఎవరూ నేర్పకుండా నేనే అన్నాను.

పై ఆదివారం పాట రికార్డు చేశారు. చంద్రయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి తాతయ్య మీదే వాయించాడు. కొత్తల్లుడు ఆటోలో కాచిగూడకి వాపసు వెళ్ళిపోయాడు. మైకు స్టాండు విరిగితే, ఆ ఇరవై సెకన్లూ ఊపిరి బిగబట్టి మైకు చేత్తో పట్టుకున్నది నేనే.

అయిపోయాక జ్యోతి దగ్గరికొచ్చింది. "మైకు మంచిచోట పట్టారండీ. అంచుకి పెడితే ఎంత మెత్తగా వచ్చిందో!"

"ఏదో, నాకు తెలిసినంతలో," అన్నాను పొంగిపోతూ.

"మొన్న తాతయ్యని ఓడించడానికి పెట్టిన చోటే కదా?"

"అది... అది నీకెలా తెలుసు?"

"ఈ క్వయర్‌కి ఇరవై ఏళ్ళుగా మైకులు పెడుతున్నది ఎవరనుకున్నారు?"

నేను క్వయర్ వాళ్ళకి కేకులు పంచడానికి వెళ్ళాను.