నెలిదా చూడవచ్చిన పందెం

ఆ శనివారం పొద్దున ఎవరిస్తో అనే పెద్దమనిషి పెట్టుకున్న పని చాలా చిన్నది. షెడ్డులో ఉన్న నాలుగు చక్రాల క్వాడ్ బండిలో పాత ఆయిల్ తీసేసి కొత్తది పోయాలి, గొలుసు బిగించాలి, ఒకసారి సముద్రపు ఒడ్డున తిప్పి తెచ్చి, మధ్యాహ్నానికి మాంసం కాల్చుకు తినాలి. వచ్చే ఆదివారమే పుంతా మెదానో ఒడ్డున ఇసుక మీద బండ్ల పందెం. ఏటేటా పోటీ చేస్తూ ఒక్కసారైనా చివరి గీత దాటని ఘనత ఊరు మొత్తానికి అతనొక్కడిదే. రొట్టెల కొట్టు దగ్గర నిలబడే ముసలమ్మలకి కూడా ఆ సంగతి తెలుసు.

అయితే ఈసారి వ్యవహారం వేరు. పెళ్ళయిన నాటినుంచి ఒక్క పందేనికీ రాని భార్య నెలిదా, మొన్న మాతే టీ చేతికందిస్తూ, "ఈసారి నేనూ వస్తాలే," అంది. ఎందుకో చెప్పలేదు. అతనూ అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందని భయం. గెలవక్కర్లేదు, ఆమె చూస్తుండగా ఒక్కసారి ఆ గీత దాటితే చాలనుకున్నాడు. యాభై దాటిన మగాడికి అంతకన్నా చిన్న కోరిక ఉండదు. దేవుడికి అదీ ఎక్కువే అనిపించింది కాబోలు.

పాత ఆయిల్ కార్చేసి, గొలుసు లంకె కొనడానికి బజారుకి బయల్దేరుతూ, బావమరిది తూలియోకి పని అప్పగించాడు.

"ఒరేయ్, అరలో ఎర్ర డబ్బా ఉంది. అందులోది పోసెయ్. కింద పడకుండా పొయ్యాలి, వింటున్నావా?"

"నాకు చెప్పాలా బావా?" అన్నాడు తూలియో.

నిజమే, తూలియోకి చెప్పడం దండగ. తిరిగొచ్చేసరికి అతని చెంప మీద ఊయల తాళ్ళ అచ్చులు పడి ఉన్నాయి. "పోశావా?" అంటే, "ఓ, పోశా," అన్నాడు. ఎవరిస్తో ఆయిల్ కొలిచే గేజు పుల్ల తీసి చూశాడు. ఆయిల్ నిండుగా, తేనె రంగులో ఉంది. జన్మలో మొదటిసారి బావమరిది భుజం తట్టాడు.

ఒడ్డుకు తీసుకెళ్ళి పిడి తిప్పితే ఇంజన్ ఊరంతా వినబడేలా అరిచింది. బండి మాత్రం నిండు చూలాలిలా కదిలింది. కుక్కని తిప్పుతున్న నోటరీగారు వెనకనుంచి వచ్చి, దాటిపోతూ, "ఏం ఎవరిస్తో, పెట్రోలు ఆదానా?" అని అడిగి మరీ వెళ్ళాడు.

"క్లచ్ జారుతోంది బావా," అన్నాడు తూలియో. "ప్లేట్లు అరిగిపోయుంటాయి."

ప్లేట్లు మార్చారు. కొత్త ఆయిల్ వృథా కాకూడదని బండిని పక్కకి పడుకోబెట్టి, చుక్క కారకుండా మార్చారు. మళ్ళీ అదే అరుపు, అదే నడక. ఇక లాభం లేదని ఇహీనియోని పిలిచారు. ఇహీనియో చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఊళ్ళో ఏది చెడినా ముందు ఇహీనియో వస్తాడు, ఆ తర్వాత ఆయన చేసింది బాగుచెయ్యడానికి మెకానిక్ వస్తాడు.

ఇహీనియో బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, "క్లచ్ స్ప్రింగుల్లో పట్టు లేదయ్యా. గట్టివి వెయ్యాలి," అని తీర్పు చెప్పాడు.

"ఆయిల్ ఏమైనా...?" అని గొణిగాడు ఎవరిస్తో.

"నేనే పోశానంటున్నా కదా బావా! నన్ను నమ్మవా?" అని తూలియో ముఖం మాడ్చుకున్నాడు. ఆడపడుచులు లేని లోటు ఆ ఇంట్లో వాడే తీరుస్తున్నాడు. ఎవరిస్తో మళ్ళీ ఆయిల్ మాట ఎత్తలేదు.

గట్టి స్ప్రింగులు వేశాక క్లచ్ పిడి నొక్కడానికి రెండు చేతులూ చాలలేదు. దానికి ఇహీనియో పాత పడవ నుంచి పీకిన పొడుగు పిడి బిగించాడు. చల్లగా ఉన్నంతసేపు బండి కాస్త కదిలింది, వేడెక్కగానే మళ్ళీ మొరాయించింది. "ఇంజన్‌కే సత్తువ లేదు," అని బుధవారం పెద్ద పిస్టన్ ఎక్కించారు. సత్తువ పెరిగిన కొద్దీ జారుడూ పెరిగింది. శుక్రవారానికి తూలియో, "అసలు తప్పు టైర్లది బావా, ఇసుక పట్టడం లేదు," అని ఎవరినో బతిమాలి, వెనక చక్రాలకి పారల్లాంటి రెక్కలున్న ఇసుక టైర్లు తెచ్చాడు. ఎవరిస్తో అన్నిటికీ తలూపాడు. అతనికప్పుడు బండి కనిపించడం లేదు, ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్న నెలిదాయే కనిపిస్తోంది.

ఆదివారం నెలిదా నిజంగానే వచ్చింది. మంచి గౌను, గడ్డి టోపీ, చేతిలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. బండ్ల మధ్య మడత కుర్చీ వేసుకుని కూర్చుని, "బాగా నడుస్తోందా?" అని ఆశగా అడిగింది. ఎవరిస్తో ఇంకోసారి క్లచ్ పిడి బిగిద్దామని, పానా కోసం షెడ్డు అరలోవన్నీ సర్దుకొచ్చిన సామాన్ల పెట్టెలో చెయ్యి పెట్టాడు. చేతికి ఎర్ర డబ్బా తగిలింది. మూత సీలు కూడా తియ్యలేదు.

"ఒరేయ్ తూలియో! మరి నువ్వు పోసిందేమిట్రా?"

"నేను చూసేసరికే నిండి ఉంది బావా. నువ్వే పోసుకున్నావనుకున్నా."

"మరి పోశానన్నావు?"

"పోసి ఉంది కదా, అనడానికేం?"

ఇహీనియో గేజు పుల్ల తీసి, వేళ్ళ మధ్య రుద్ది, వారం ముందు చెయ్యాల్సిన పని ఇప్పుడు చేశాడు. "ఇది కార్లకి పోసేదయ్యా! మహా జారుడు సరుకు. నీ క్లచ్ ప్లేట్లు ఈ ఆయిల్లోనే కదా మునిగి ఉండేది, ఇంకెలా పట్టుకుంటాయి?"

ఎవరిస్తోకి వారం రోజుల అవమానం ఒక్కసారి తలకెక్కింది. "ఏ గాడిద పోసిందిరా దీన్ని? బుర్రన్న వాడెవడైనా పోస్తాడా? నా కొంప ముంచాలనే పోశారు! పోసిన చేతులు పడిపోనూ!" అని సముద్రం అదిరేలా అరిచాడు. చుట్టూ ఉన్న పోటీదార్లంతా పగలబడి నవ్వారు. నెలిదా నవ్వలేదు. చేతిలోని మాతే ఇసుకలో పారబోసి, "జెండా ఊపుతారు. వెళ్ళు," అంది.

ఉన్న కాసేపట్లో ఆయిల్ కార్చి, ఎర్ర డబ్బాలోది పోశారు. ఎవరిస్తో గీత దగ్గర నిలబడ్డాడు. జెండా లేచింది. క్లచ్ వదిలాడు. వారంగా చేసిన మరమ్మతులన్నీ ఒకే క్షణంలో పనిచేశాయి. పెద్ద పిస్టన్ తన్నింది, గట్టి స్ప్రింగులు పట్టాయి, రెక్కల టైర్లు బండెడు ఇసుక తవ్వి వెనకున్న జనం మీద కుమ్మరించాయి. బండి ముందు కాళ్ళెత్తి నిలబడి, యజమానిని వెల్లకిలా పడేసి, అతని కాలి మీదే కూర్చుంది. ఎముక విరిగిన చప్పుడు అతనికే ముందు వినబడింది.

అందరికన్నా ముందు నెలిదా వచ్చింది. టోపీ నిండా, కనురెప్పల నిండా ఇసుక.

"ఆ గాడిదని నేనే," అంది.

అతనికి అర్థం కాలేదు.

"పోయినేడు బండి ఆగిపోయి ఇంటికొచ్చి, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నావే, అది చూడలేకపోయాను. పెట్రోలు బంకుకెళ్ళి, అన్నిటికన్నా మంచిది, ఖరీదైనది ఇమ్మన్నా. దీన్ని మించింది లేదన్నాడు. మా తమ్ముడు ఊయల్లో నిద్రపోతుంటే నేనే పోశా. నువ్వు గీత దాటాక చెబుదామని దాచుకున్నా."

"నెలిదా... నువ్వని తెలిస్తే నేను..."

"అంటే, వేరేవాళ్ళ చేతులైతే పడిపోవచ్చా?" అంది ఆమె. అతనికి ఏడుపొచ్చింది. కాలికోసమే అనుకుని ఇహీనియో ఓదార్చాడు. తూలియో మాత్రం అంబులెన్సుకి దారి చూపిస్తానంటూ మాయమయ్యాడు.

కట్టు విప్పేదాకా ఎవరిస్తో మంచం దిగలేదు. సూపు, మందులు, కాలికింద దిండు, నెలిదా అన్నీ వేళకే అందించింది, మాట తప్ప.